తాడ్వాయి తొవ్వకు ఆల్ వీల్ డ్రైవ్ కావాలా, ఫ్రంట్ వీల్ డ్రైవ్ చాలా?

ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. ఇల్లు హన్మకొండలో, టీచర్ ఉద్యోగం ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో. సోమవారం పొద్దున పోయి శనివారం సాయంత్రం తిరిగొస్తది. అమ్మానాన్నలు పరకాల దిక్కు ఊర్లో, పొలం దగ్గరి ఇంట్లో ఉంటరు. తారు రోడ్డు దిగినంక అక్కడికి 600 మీటర్ల మట్టి బాట. మారుతి గ్రాండ్ విటారా కారుగానీ టయోటా హైరైడర్‌గానీ కొందామని చూస్తున్నది. తోటి టీచర్లు "అడవి రోడ్డు, ఆల్ వీల్ డ్రైవ్ ఉంటేనే సేఫ్టీ" అంటున్నరట. ఇంట్లో భర్త "ఫ్రంట్ వీల్ చాలు, పైసలు దండుగ" అంటున్నడట. "అన్నా, వానకాలంలో ఏది నమ్మొచ్చు?" అని అడిగింది.

చెల్లె, నేను ఇరవై ఏడేండ్ల నుంచి బండ్ల కింద పడుకొని పనిచేస్తున్న. ములుగు రోడ్డు దిక్కు నుంచి వచ్చే బండ్లే మా షెడ్డుకు ఎక్కువ. నా మాట ముందే చెప్త: ఫ్రంట్ వీల్ డ్రైవ్ తీసుకో. మీ ఆయన చెప్పింది నిజమే గానీ ఆయన చెప్పిన కారణం సగమే. పైసలు మిగులుతయని కాదు, నీ తొవ్వలో ఉన్న అపాయాలకు ఆల్ వీల్ డ్రైవ్ మందు కాదు. అది తెలియకుండా కొంటే, ఉన్నదన్న ధైర్యంతో నువ్వు చేయకూడని పని చేస్తవు. నా భయం అది.

ముందు ఆ బండి కింద ఏముంటదో చెప్త. ఫ్రంట్ వీల్ బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కింద నిలబడి చూస్తే, ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ ముందే అడ్డంగా కూర్చొని ఉంటయి. గేర్‌బాక్సు నుంచి ఎడమకొకటి కుడికొకటి డ్రైవ్ షాఫ్టులు ముందు చక్రాలకు పోతయి. వెనక చక్రాలు ఊరికే దొర్లుతయి. ఆల్ వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్సు పక్కన ఇంకో చిన్న గేరు పెట్టె ఉంటది. దానినుంచి బండి నడుమ పొడుగునా ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనక్కి పోతది. వెనక చక్రాలు రెంటికీ బలం పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, దాని ముందు డబ్బా అంత కప్లింగు ఉంటది. కప్లింగు లోపల పలుచటి క్లచ్ ప్లేట్లు పేర్చి ఉంటయి. మామూలు రోడ్డు మీద ఆ ప్లేట్లు వదులుగా ఉంటయి, బండి దాదాపు ఫ్రంట్ వీల్ బండి లెక్కనే నడుస్తది. ముందు చక్రం జారుతున్నదని సెన్సర్ చెప్పంగనే కంప్యూటర్ ఆ ప్లేట్లను బిగించి వెనక చక్రాలకు బలం పంపుతది. నువ్వు చూస్తున్న బండ్లలో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని తిప్పే నాబ్ ఉంటది కదా, ఆ ప్లేట్లు ఎప్పుడు, ఎంత గట్టిగా బిగియాలో చెప్పేది అదే.

ఇంకో మాట, అది థార్ లెక్క ఫోర్ బై ఫోర్ కాదు. ఫోర్ బై ఫోర్ థార్‌కూ, జిమ్నీకీ లో-రేంజ్ గేరు వేరే ఉంటది. నడక వేగంతో, ఇంజిన్ బలమంతా పెట్టి గుట్ట ఎక్కుతయి. కానీ వాటిని ఫోర్ వీల్‌లో పెట్టి పొడి తారు రోడ్డు మీద మలుపులు తిప్పొద్దు. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒక్కదానికొకటి బిగించుకొని ఉంటయి, మలుపులో రెండూ వేరు వేరు వేగంతో తిరగాలె, ఆ సందు లేక గేర్లు పీక్కుంటయి. నీకు చూపెడుతున్నది అంత గట్టి పనికి చేసిన బండి కాదు. జారే రోడ్డు మీద కొంచెం సాయం చేసే బండి.

ఆ సాయం ఎక్కడ పనికొస్తదంటే, నిలబడ్డ బండిని కదిలియ్యటానికి, ఎక్కే చోట ఎక్కటానికి. అంతే. బ్రేకు తొక్కినప్పుడు ఫ్రంట్ వీల్ బండికైనా, ఆల్ వీల్ బండికైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు పడ్తయి. ఆపేది టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు ఒక్కటే. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ముందు ఏదో కనపడి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకను అయితది, 22 మీటర్లు పోయినయి. తడి తారు మీద మంచి టైర్లతో ఆగటానికి ఇంకో 50 మీటర్లు. మొత్తం 70 దాటుతది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ 70లో ఒక్క మీటరు కూడా తగ్గియ్యదు. దాని బరువే యాభై నుంచి ఎనభై కిలోల దాకా ఎక్కువ.

ఇది నాకు అనుభవమైన సంగతి. చాలా ఏండ్ల కింద ఒక గిరాకీ ఆల్ వీల్ బండి, పని అయినంక ట్రయల్‌కు తీసుకపోయిన. ఆత్మకూరు దాటినంక జల్లు మొదలైంది. ఆ బండి తడి రోడ్డు మీద మలుపుల నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎట్ల లాగుతదంటే, రోడ్డు తడిసిందన్న సంగతే చేతికి తెల్వదు. మామూలు ఫ్రంట్ వీల్ బండి అయితే యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువైతేనే ముందు చక్రం గిర్రున తిరిగి, స్టీరింగ్ తేలికై, "రోడ్డు జారుతున్నది, మెల్లగా పో" అని చెప్తది. ఆ మాట ఈ బండి చెప్పలేదు. మల్లంపల్లి రాకముందే బర్రెల మంద రోడ్డెక్కింది. బ్రేకు తొక్కిన. పెడలు కింద, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొట్టుకుంటున్నది, బండి మాత్రం పోతనే ఉన్నది. చివరి బర్రె తోక దాటినంక ఆగింది. దిగి చూస్తే వెనక రెండు టైర్లు దాదాపు గుండు. ఆ దినం నుంచి నా దగ్గరికి ఏ ఆల్ వీల్ బండి వచ్చినా, ముందు టైర్లు చూసినంకనే తాళం తీసుకుంట.

ఇప్పుడు నీళ్ల సంగతి. మీ తోటి టీచర్లు సేఫ్టీ అంటే వాళ్ల మనసులో ఉన్నది ఇదే అనుకుంట. నీ తొవ్వలో కటాక్షపూర్ చెరువు ఉన్నది. గట్టి వాన పడితే మత్తడి దుంకి జాతీయ రహదారి మీది నుంచే నీళ్లు పారుతయి. పస్రా దాటినంక అడవిలో వాగులు. 2023 జూలై ఆఖర్లో ఏమైందో నీకు చెప్పనక్కర లేదు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచపల్లి ఊరికి ఊరు మునిగింది. కొండాయిలో జంపన్నవాగు మనుషులను మింగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయిన సంగతీ మన దిక్కోళ్లు మర్చిపోలేదు.

పారే నీళ్లలో ఎన్ని చక్రాలు తిరుగుతున్నయన్నది లెక్కలోకి రాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్త. గ్రాండ్ విటారా గ్రౌండ్ క్లియరెన్సు 210 మిల్లీమీటర్లు, అంటే 21 సెంటీమీటర్లు. నీళ్లు అంతదాకా ఉన్నంతసేపు చక్రాలు, ఇరుసులే తడుస్తయి. ఆ పైన నీళ్లు బండి అడుగుకు తగులుతయి. ఆ అడుగు వైశాల్యం ఆరు చదరపు మీటర్లు అనుకో. నీళ్లు ఇంకో 10 సెంటీమీటర్లు ఎక్కితే 600 లీటర్ల నీళ్ల జాగాలో బండి కూర్చున్నట్టు, అంటే 600 కిలోల బరువు మోసినంత బలంతో నీళ్లు బండిని పైకి లేపుతయి. 20 సెంటీమీటర్లు ఎక్కితే 1,200 కిలోలు. అది దాదాపు మొత్తం బండి బరువు. మొత్తం లోతు 40 సెంటీమీటర్ల చిల్లర, మోకాలు కూడా దాటదు. లోపలికి నీళ్లు రావటానికి కొంత టైం పడ్తది, అందాక బండి డబ్బా లెక్క తేలుతది. తేలిన టైరుకు పట్టు ఎక్కడిది? ఫ్రంట్ వీలైనా, ఆల్ వీలైనా, లో-రేంజ్ ఉన్న ఫోర్ బై ఫోర్ అయినా వాగు ఎటు తోస్తే అటే పోతది. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడుస్తదని కంపెనీ చెప్పింది నిజమే, అది నిలకడ నీళ్ల మాట. పైగా నీళ్ల కింద రోడ్డు ఉన్నదో, కోసుకుపోయిందో పైకి కనపడదు.

2023 వానల తర్వాత మా షెడ్డు ముందు బండ్లు వరుస కట్టినయి. హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు కాలనీలలో మునిగినవే ఎక్కువ. ఇంటి ముందు నిలబడి మునిగిన బండ్లు చానా మటుకు బాగైనయి. బాగుకానివి ఏవంటే, మునిగినంక "స్టార్ట్ అయితదేమో చూద్దాం" అని సెల్ఫ్ కొట్టినవి, నీళ్లలో నడిపినవి. గాలి పోవాల్సిన దారిలో నీళ్లు సిలిండర్‌లోకి పోతయి. గాలి నలుగుతది, నీళ్లు నలుగవు. పిస్టన్ పైకి వస్తే నీళ్లకు పోయే దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగుతది. నేను ఇంజిన్ విప్పి అట్ల వంగిన రాడ్డును చేతిలో పెట్టినప్పుడు ఒక పెద్దమనిషి, "ఫోర్ వీల్ బండి కదా, పోతదనుకున్న" అన్నడు. ఆయన కండ్లలో నీళ్లు తిరిగినయి. మామూలు ఇన్సూరెన్సులో ఇట్లాంటిదానికి చాలాసార్లు క్లెయిమ్ రాదు. నువ్వు ఏ బండి కొన్నా పాలసీతోపాటు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ తీసుకో. నీళ్లలో బండి ఆగితే సెల్ఫ్ ముట్టొద్దు. తోసి బయటికి తెచ్చి, టోయింగ్ బండి పిలువు. కటాక్షపూర్ దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతున్న దినం మీ హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పు.

ఇక తాడ్వాయి తొవ్వ. 163వ నంబరు జాతీయ రహదారి అడవిలో నుంచి పోతది గనుక అడవి రోడ్డు అంటున్నరు. టైరు కింద ఉండేది మాత్రం తారే. అక్కడ అపాయాలు వేరు: వాన నీళ్లు నిలిచిన పల్లాలు, చీకట్లో పశువులు, లైట్లు లేకుండా ఆగిన లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు. నాట్ల టైంలో పొలాల నుంచి ఎక్కిన ట్రాక్టర్లు రాల్చిన బురద. కేజ్‌వీల్, అంటే దమ్ము చేసే ఇనుప చక్రం, దాని నుంచి తారు మీద పడ్డ ఆ బురదకు వాన తుంపర తగిలితే సబ్బు లెక్క జారుతది. కోతల టైంలో వడ్లు ఆరబోస్తరు, సగం రోడ్డు వాటికి పోతది. రాత్రిపూట నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడ్తరు, ఆ రాళ్లు లైటు వెలుగులో కూడా సరిగ్గా కనపడవు. వీటన్నిటికీ కావాల్సినవి మంచి హెడ్‌లైట్లు, మంచి బ్రేకులు, మంచి టైర్లు, తక్కువ వేగం.

టైర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్త, ఎందుకంటే నా లెక్కలో నీ ప్రశ్నకు అసలు జవాబు అదే. నువ్వు చూస్తున్న బండి టైరు 215 మిల్లీమీటర్ల వెడల్పు. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లు నిలబడి ఉన్నయనుకో, నువ్వు 80లో పోతున్నవనుకో. ఆ ఒక్క టైరు సెకనుకు దాదాపు 14 లీటర్ల నీళ్లు పక్కకు నెట్టాలె. అంటే ఒక బిందెడు నీళ్లు, ప్రతి సెకనుకూ. ఆ నీళ్లు పోయే దారులే టైరు మీది గాడులు. కొత్త టైరుకు దాదాపు 8 మిల్లీమీటర్ల లోతుంటది. గాడుల నడుమ అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటయి, టైరు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లు మిగిలినట్టు. చట్టం ప్రకారం అక్కడ టైరు ఆయువు తీరింది. నేనైతే వానకాలానికి ముందు 3 మిల్లీమీటర్లకు వచ్చిన టైరును ఉంచనియ్య. 3 కిందికి పోయినంక తడి రోడ్డు మీద ఆగే దూరం బాగా పెరుగుతది. గాలి తక్కువున్నా టైరు తొందరగా నీళ్ల మీద తేలుతది. అందుకని పదిహేను దినాలకొకసారి, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, స్టెప్నీతో సహా గాలి చూపించు.

టైరు పక్కన నాలుగు అంకెలు గుండ్రటి గడిలో ఉంటయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. కొత్త బండి డెలివరీ రోజు ఐదు టైర్ల మీదా ఆ అంకెలు చూసుకో. అరగకున్నా ఎండకు రబ్బరు గట్టిపడ్తది, మన రామగుండం, మంచిర్యాల దిక్కు ఎండలు నీకు తెలిసినవే. గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

ఇక్కడే ఆల్ వీల్ డ్రైవ్‌కు ఇంకో ఖర్చు ఉన్నది, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. నాలుగు టైర్లూ దాదాపు ఒకే తీరు అరిగి ఉండాలె. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే వాటి చుట్టుకొలతలో తేడా వస్తది. తిన్నని రోడ్డు మీద కూడా ముందు ఇరుసు ఒక వేగంతో, వెనక ఇరుసు ఒక వేగంతో తిరుగుతయి. ముందు చక్రం జారుతున్నదేమో అనుకొని కప్లింగు ప్లేట్లు ఊరికే బిగుస్తా, వదులుతా ఉంటయి, ఆయిల్ వేడెక్కుతది. రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా రానియ్యొద్దు. మా దగ్గరికి ఒక బండి ఇట్లనే వచ్చింది. గుంతలో ఒక టైరు పక్క చీలిందని ఒకే ఒక్క కొత్త టైరు వేయించిన్రు. టైరు షాపులో "ఏం కాదు" అన్నరట. కొన్ని నెలలకు మలుపుల్లో వెనక నుంచి గరగరమని చప్పుడు, తర్వాత మీటర్‌లో లైటు. కప్లింగు ఆయిల్ దించితే నల్లగా, మాడిన వాసన, వేలికి రాసుకుంటే సన్నటి ఇసుక లెక్క ప్లేట్ల పొడి. ఆ కప్లింగు మార్చిన బిల్లుతో నాలుగు టైర్లు రెండుసార్లు వచ్చేవి.

కొనే ధర, పెట్రోలు లెక్క తొందరగా చెప్పేస్త. 2022లో గ్రాండ్ విటారా వచ్చినప్పుడు ఆల్ఫా మాన్యువల్ ఫ్రంట్ వీల్ ఎక్స్‌షోరూం 15.39 లక్షలు, అదే ఆల్ గ్రిప్, అంటే మారుతి వాళ్ల ఆల్ వీల్ డ్రైవ్, 16.89 లక్షలు. లక్షన్నర తేడా, దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అదనం. ఆ తర్వాత ధరలూ, ఏ మోడల్‌లో ఏది దొరుకుతదన్నదీ మారినయి, షోరూంలో ఇప్పటి లెక్క అడుగు. కంపెనీ చెప్పిన మైలేజీ ఫ్రంట్ వీల్ మాన్యువల్‌కు లీటరుకు 21.11, ఆల్ గ్రిప్ మాన్యువల్‌కు 19.38 కిలోమీటర్లు. నువ్వు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 51 లీటర్ల తేడా, లీటరు 107 రూపాయల లెక్కన 5,400 చిల్లర. ఇది ప్రాణం మీదికొచ్చే ఖర్చేం కాదు. దీన్ని చూసి వద్దనటం లేదు. కానీ గట్టి మైలేజీ ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్, సీఎన్జీ ఈ బండ్లలో మన మార్కెట్‌కు ఫ్రంట్ వీల్‌లోనే వచ్చినయి. వారంలో రెండుసార్లు దూరం పోయి వచ్చే నీకు హైబ్రిడ్ ఒకసారి నడిపి చూడమని చెప్త.

మరి ఆ 600 మీటర్ల బాట? నీ మొత్తం తొవ్వలో ఆల్ వీల్ డ్రైవ్‌కు నిజంగా పని ఉన్నది అక్కడే, దాన్ని తీసిపారెయ్యను. ముందు ఆ నేల ఏదో చెప్పు. ఎర్ర చెల్క అయితే వాన వెలిసిన రెండు మూడు గంటలకు నీళ్లు ఇంకి గట్టిపడ్తది, ఫ్రంట్ వీల్ బండి నిమ్మళంగా పోతది. నల్లరేగడి అయితే సంగతి వేరు. రేగడి తడిస్తే టైరుకు బంక లెక్క అంటుకుంటది. రెండు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ మట్టితో నిండి, కొత్త టైరు కూడా గుండు టైరే అయితది. అప్పుడు నాలుగు చక్రాలు తిరిగితే నాలుగు గుండ్లు తిరిగినట్టు. మామూలు రోడ్డు టైర్లతో ఆల్ వీల్ బండి ఫ్రంట్ వీల్ బండి కంటే కొన్ని మీటర్లు ముందుకు పోయి దిగబడ్తది. అంటే ట్రాక్టర్ వచ్చి గుంజటానికి ఇంకొంచెం లోపలికి రావాలె. పైగా రెండు బండ్లకూ గ్రౌండ్ క్లియరెన్సు ఒకటే. ట్రాక్టర్ చక్రాలు చేసిన గాడుల నడుమ మట్టి దిబ్బ మీద పొట్ట కూర్చుంటే చక్రాలు గాలిలో తిరుగుతయి.

ఫ్రంట్ వీల్ బండికి బురదలో ఒక బలం ఉన్నది, ఇంజిన్, గేర్‌బాక్సు బరువంతా తిరిగే చక్రాల మీదనే ఉంటది. దాదాపు 60 శాతం బరువు ముందే. అందుకే ఖాళీ బొలెరో, క్రిస్టా వెనక చక్రాలు గిర్రున తిరిగే చోట కూడా చిన్న ఫ్రంట్ వీల్ బండి మెల్లగా లాక్కుంట పోతది. దాని బలహీనత ఎత్తు ఎక్కే చోట. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికైతయి. మీ బాట చెరువుకట్ట ఎక్కుతుంటే, తడి మీద ముందుకు ఎక్కకుంటే బండిని మళ్లించి రివర్స్‌లో ఎక్కించు. అప్పుడు తిరిగే చక్రాలు కింది దిక్కు ఉంటయి, బరువు వాటి మీద పడ్తది, అదే బండి అదే టైర్లతో ఎక్కుతది. వెనక ఎవరూ లేకుండా, ఒకరిని పక్కన నిలబెట్టుకొని చెయ్యి. కట్ట సన్నగా ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకు.

దిగబడితే చేయాల్సింది కూడా చెప్త. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు, తొక్కినకొద్దీ చక్రం తన గుంత తనే తవ్వుకుంటది. స్టీరింగ్ తిన్నగా పెట్టు. ఈఎస్‌పీ ఆఫ్ బటన్ నొక్కు, లేకుంటే చక్రం జారంగనే కంప్యూటర్ ఇంజిన్ బలం కోసేస్తది. బయటపడ్డంక మళ్లా ఆన్ చెయ్యి, ఇది మర్చిపోవద్దు. ముందు చక్రాల కింద వరిగడ్డి గానీ, గోనెసంచి గానీ, ఏదీ లేకుంటే కాళ్ల కింది మ్యాట్లు గానీ గట్టిగా దూర్చి, సెకండ్ గేరులో మెల్లగా వదులు. రాకుంటే ముందు రెండు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గియ్యి, టైరు పరుచుకొని పట్టు పెరుగుతది. డిక్కీలో చిన్న గాలి పంపు పెట్టుకో, తారు ఎక్కేముందు మళ్లా నింపుకోవాలె. ట్రాక్టర్‌తో గుంజాల్సి వస్తే టూల్ కిట్‌లో ఉండే టో హుక్కును బంపర్‌లో బిగించి దానికే తాడు కట్టియ్యి. కింద చేతికి అందిన రాడ్డుకు కట్టి గుంజితే అలైన్‌మెంటే కాదు, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ వంగి వచ్చిన బండ్లు కూడా చూసిన.

ఎవరికి ఆల్ వీల్ గానీ ఫోర్ బై ఫోర్ గానీ కొనమని చెప్తనో అది కూడా విను, లేకుంటే నేను దానికి పగవాణ్ణి అనుకుంటవు. ఉట్నూరు, జైనూరు దిక్కు లోపలి గూడేలకు వానకాలంలో కూడా పోక తప్పని డాక్టర్లకు, ఆ దిక్కు కాంట్రాక్టు పనులు చేసేటోళ్లకు నేనే కొనిపించిన. కెరమెరి ఘాటు తారు రోడ్డు కోసం కాదు, ఘాటు దిగినంక రోడ్డు వదిలి పోయే రాళ్ల బాటల కోసం. వాళ్లకు లో-రేంజ్ ఉన్న ఫోర్ బై ఫోర్, దానికి తగ్గ గట్టి గాడుల టైర్లు. పాత డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ డీజిలు మంచి కండిషన్‌లో దొరికితే దాని కప్లింగు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ చూపించి తీసుకోమని కొంతమందికి చెప్పిన, ఆ బండి ఆ బాటల్లో మాట నిలబెట్టింది. నీ బదిలీ రేపు అట్లాంటి లోపలి ఊరికి అయితే, తారు లేని ఏడెనిమిది కిలోమీటర్లు ప్రతి వారం పోవాల్సి వస్తే, నా జవాబు మారుతది.

ఇప్పటికి నువ్వు చేయాల్సింది ఒకటున్నది. మీ నాన్నను అడుగు, ఆ 600 మీటర్లలో బండ్లు దిగబడేది ఎక్కడెక్కడ అని. ఆయనకు కండ్లు మూసుకొని కూడా తెలుసు. నా అనుభవంలో ఏ బాట కూడా మొత్తం దిగబడదు. ఒక చోట పొలం నీళ్లు దాటే పల్లం, ఒక చోట చెట్టు నీడకు ఆరని మలుపు, కలిపి నలభై యాభై మీటర్లుంటది. ఆల్ వీల్‌కు పెట్టే లక్షన్నరలో కొంత తీసి అక్కడ మొరం పోయించు. ముందు గుంతలో నీళ్లు పక్కకు పోయేటట్టు సిమెంటు తూము ఒకటి వేయించాలె, నీళ్లు నిలబడితే ఎంత మొరం పోసినా మింగేస్తది. పెద్ద రాళ్లు కింద, మొరం పైన. నడుమ కొంచెం ఎత్తు, పక్కలకు వాలు ఉండేటట్టు పోయించి, ట్రాక్టర్‌తోని నాలుగైదుసార్లు తొక్కించమను. ఆ బాట పక్క రైతులు కూడా వాళ్ల వడ్ల ట్రాలీలు పోతయి గనుక తలో ట్రాలీ మొరం వేస్తరు, మీ నాన్న అడిగితే కాదనరు. మృగశిర వానలు పడకముందే పని అయిపోవాలె, నాట్లకు కేజ్‌వీల్ ట్రాక్టర్లు దిగినంక పోస్తే అది బురదలోనే కలుస్తది.